జపాను ఆకు, నాయన కోపం

కోవిల్‌పట్టి,
7-2-1935, గురువారం

నా బంగారు పట్టూ,

నువ్వు పంపిన డబ్బా చేరింది. విరుదునగర్‌లో మీ నాయన పత్తి మండీకి వచ్చే జపాను దొర భార్య ఇచ్చిందన్నావే, ఆ తేయాకు డబ్బా మూత తియ్యగానే అప్పుడే కోసిన గడ్డి వాసన. నాకు కాలు నిలవలేదు. నీ ఉత్తరం సగం చదివి పొయ్యి ముట్టించాను.

అదే తప్పయింది. కాఫీలాగే అనుకుని పాలు పోసి, తాటిబెల్లం వేసి మరిగించాను. దగ్గుకు మంచిదని నువ్వు రాసిన దబ్బపండు రసం కూడా అందులోనే పిండాను. పాలు విరిగి బురదరంగు తేలింది. అవ్వ తొంగిచూసి, "ఏందే ఇది, ఎద్దుకు పోసే కషాయమా? ఎద్దు కూడా తల తిప్పుకుంటాది" అంది. అప్పుడు చదివాను మిగతా సగం. పాలు కూడదట.

నీకింకా చెప్పని సంగతి ఒకటుంది. మీ వూరి ఆడపిల్లల బడిలో పంతులమ్మ పనికి దరఖాస్తు పెట్టాను. సోమవారం వచ్చి చేరమన్నారు. "బియ్యే చదివించింది ఒకరి కింద నిలిచేదానికా?" అన్నాడు నాయన. అంతే. మా ఇంట్లో కోపమంటే కేకలుండవు. ఎవరి మీద కోపమో వాళ్ళ చేతి నీళ్ళు ముట్టరు. ముట్టారంటే అడిగింది ఒప్పుకున్నట్టే. నాలుగు రోజులుగా నాయన నా చేతి నీళ్ళు తాగలేదు. ఇలాగే ఉంటే సోమవారం పొద్దుటి రైలు ఒక్కదాన్నే ఎక్కుతాను. పెట్టె సర్దేశాను కూడా. కానీ గోదాములో పత్తిదుమ్ము పీల్చి ఆయన దగ్గే దగ్గు వింటూ గడప ఎలా దాటను?

నీ
చిన్నతాయి


కోవిల్‌పట్టి,
9-2-1935, శనివారం

పట్టూ, నా ప్రాణమా,

ఆత్రంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

ఈసారి నీ మాట పొల్లుపోకుండా చేశాను. మరిగిన నీళ్ళు దించి, కాస్త చల్లారనిచ్చి చిటికెడు ఆకు వేశాను. చేదు దిగకముందే వడగట్టాను. లేత చిలకపచ్చ. అందులో వత్రాప్ వైపు కొండల తేనె ఒక చెంచా, దబ్బపండు రసం నాలుగు చుక్కలు. ఇల్లంతా పూలతోట అయిపోయింది.

అరుగు మీద దగ్గుతున్న నాయన ముందు లోటా పెట్టాను. తల తిప్పలేదు. గడపలోంచి అవ్వ, "మందురా వెంకటసామీ. మందుకు కోపమేంది?" అంది.

"మందయితే తాగుతా. నా మాట మాత్రం మారదు."

ఆవిరి మొహానికి తగిలేట్టు వంగి తాగాడు. ఆగాడు. మళ్ళీ తాగాడు. దగ్గు కాసేపు ఊరుకుంది. ఖాళీ లోటా నా వైపు జరిపి, ఎటో చూస్తూ, "ఇంకా వుండాదా?" అన్నాడు.

అవ్వ వక్క నములుతూ, "మందును రెండోతూరి అడిగినోణ్ణి ఈ ఎనభై ఏండ్లలో నేను చూళ్ళేదు" అంది.

మీసాల కింద నవ్వు దాచుకోబోయిన నాయనకు పొలమారింది. "అవ్వా మనమరాలూ కలిసి నన్ను బాగా పట్టినారు. సరే, పో. ఒంటిగా వద్దు, నేనొచ్చి దింపుతా." లోటా అడుగు చూసుకుంటూ, కొంచెం దిగులుగా, "నువ్వు పోతే ఇది ఎవురు చేసేది?" అన్నాడు.

"నీకు చేతుల్లేవా? నేర్చుకో" అంది అవ్వ.

రేపు పొద్దున నాయన నా పక్కన పొయ్యి దగ్గర కూచుంటాడు. నా మొదటి శిష్యుడు. ఆకు ఎంత వెయ్యాలని అప్పుడే మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ మరిచిపోయాడు. ఇంత మొద్దు శిష్యుడు నాకు బడిలో కూడా దొరకడు.

ఈ ఉత్తరం నాకంటే ముందు చేరితే స్టేషనుకు రా.

నీ
చిన్నతాయి టీచరు