చౌడేశ్వరి చెప్పిన ‘హాజ్’

బెజవాడ,
14 ఆగస్టు 1944.

ఖరగపూర్‌లో ఉన్న జక్కయ్య అన్నయ్యకు చెల్లెలి నమస్కారాలు. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ కులాసా. నువ్వూ వదినా పిల్లలూ బాగున్నారని తలుస్తాను.

అమ్మ మోకాళ్ళ సంగతి అడిగావు. గుణదల కొండ ఎక్కడం మాన్పించాను. నొప్పి కాస్త నెమ్మదించింది. వదిన అడిగిన కొండపల్లి బొమ్మలు తెలిసినవాళ్ళు వస్తే పంపుతాను.

బడి తనిఖీ గురించి అడిగితే, కిందటి ఉత్తరంలో బాగా జరిగిందని రాశాను. అది అబద్ధం అన్నయ్యా. నువ్వు మీ ఆఫీసులో నా గురించి గొప్పగా చెప్పుకున్నానని రాశాక ఇక దాచలేకపోతున్నాను.

‘ఈచ్ ఆఫ్ ద గర్ల్స్’ తరవాత ‘హావ్’ వస్తుందని పిల్లలచేత రాయించాను. గర్ల్స్ బహువచనం కదా అనుకున్నాను. చౌడేశ్వరి అని నేతపనివాళ్ళ పిల్ల లేచి, “ఈచ్ అంటే ఒక్కొక్కరు కదండీ, ‘హాజ్’ రావాలేమోనండీ” అంది. ఆ క్షణమే నా తప్పు తెలిసింది. తెలిసి కూడా, “మగ్గం గుంటలోంచి లేచొచ్చి నాకు ఇంగ్లీషు నేర్పుతావా?” అని బెంచీ ఎక్కించాను. క్లాసంతా నవ్వింది.

వారం తిరక్కుండా ఇన్‌స్పెక్ట్రెస్ దొరసాని వచ్చింది. స్కాలర్‌షిప్పుకు మా బడి పంపిన పేరు చౌడేశ్వరిదే. దొరసాని ఆ వాక్యమే అడిగింది. పిల్ల నావైపు ఒకసారి చూసి ‘హావ్’ అంది. పేరు కొట్టేశారు. నేను నోరు విప్పలేదు.

తరవాత వరండాలో ఆపి, “తెలిసీ తప్పెందుకు చెప్పావే?” అన్నాను.

“అందరి పుస్తకాల్లోనూ అదే ఉందిగదండీ. నేనొక్కదాన్నే వేరేగా చెబితే మీకు మాటొస్తుందనండీ.”

మర్నాటి నుంచి బడికి రాలేదు. స్కాలర్‌షిప్పు రాకపోయేసరికి బడి జీతం కట్టలేక మాన్పించారని తెలిసింది. రెండు రోజులు కొట్టుకులాడి, దొరసాని బసకు వెళ్ళి నిజం చెప్పాను. జాబితా మద్రాసు వెళ్ళిపోయిందట.

వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి ఆదిశేషయ్యగారు మగ్గం ఆపారు. పిల్ల మూలన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. జరిగిందంతా చెప్పాను.

“తెలివితక్కువదానా అని నాలుగు రోజులుగా తిడతన్నానండీ దీన్ని. ఒక్క మాట బయటపెట్టలేదు,” అన్నారాయన. “ఆ ముక్కేదో ఆ రోజే అనుంటే పోయేదిగదమ్మా?”



హెడ్‌మిస్ట్రెస్‌గారిని బతిమాలి జీతం మాఫీ చేయించాను. క్లాసులో అందరి ఎదుటా తప్పు నాదని చెప్పి దిద్దించాను. ఆ సోమవారం నుంచి చౌడేశ్వరి మళ్ళీ వస్తోంది. వినయంగానే ఉంటుంది. పరీక్షలో ప్రతి జవాబూ సరిగ్గా రాస్తుంది. కానీ క్లాసులో నేనేది అడిగినా తల దించుకుని కూర్చుంటుంది అన్నయ్యా, చెయ్యి ఎత్తదు.

ఇట్లు,
నీ చెల్లెలు
సంపూర్ణమ్మ