ఒక్కడికి సరిపడా డబ్బాను రద్దు చేయించుట గురించి

ఎక్సైజ్ శాఖ అధికారి గారి సముఖమునకు,

జగ్గయ్యపేట పట్టణ కాపురస్తుడు, పప్పుధాన్యాలు మరియు ఎండుమిర్చి హోల్‌సేల్ వ్యాపారి కుటుంబరావు వినయపూర్వకంగా సమర్పించుకొను అర్జీ.

విషయం: చిల్లకల్లు దగ్గర హైవే పక్కన నడుచుచున్న చిన్న బ్రూవరీవారు ఇంటికి పట్టుకెళ్లు బీరును అర లీటరు డబ్బాలలో అమ్ముట, అందువలన అర్జీదారునికి కలిగిన నష్టం, సదరు డబ్బాలను రద్దుపరచి పూర్వపు రెండు లీటర్ల సీసాను మాత్రమే కొనసాగించుట గురించి.

అయ్యా,

1. సదరు బ్రూవరీని శ్రీకర్ అను కుర్రవాడు నడుపుతున్నాడు. నాకు దూరపు బంధువు, వరసకు అబ్బాయి అవుతాడు. తెరిచిన నాటి నుండి ఇంటికి పట్టుకెళ్లేవారికి రెండు లీటర్ల గాజు సీసా ఒక్కటే ఇచ్చేవాడు. దాని మూత తీస్తే ఆ పూటకే ఖాళీ చేయవలెను. తెల్లారేసరికి పొంగు చచ్చి కుడితినీళ్లలాగా అయిపోతుంది. రెండు లీటర్లు ఒక్క మనిషి తాగలేడు, తాగితే మనిషిగా మిగలడు. కనుక సీసా కొన్నవాడు రెండో మనిషిని వెతుక్కోక తప్పదు. మనుషులను కలిపి కూర్చోబెట్టే ఏర్పాటు ఇంతకంటే మంచిది ఈ మధ్య ఏ శాఖవారూ చేయగా నేను చూడలేదు.

2. నాకు దొరికిన రెండో మనిషి రూబెన్. ముక్త్యాల రోడ్డులో సిమెంటు లారీలు తూచే కాటా దగ్గర గుమస్తా. వైన్‌షాపు బీరు అతనికి పడదు, తలనొప్పి వస్తుంది. శ్రీకర్ కాచిన బీరైతేనే తాగుతాడు. వారంలో అతను సాయంత్రానికి డ్యూటీ దిగేది బుధవారం ఒక్కటే. ఆ రోజు సీసా చంకన పెట్టుకుని మా మిర్చి గోదాము వెనక వరండాకు వచ్చేవాడు. మా ఇంటికి తీసుకెళ్లే వీలు లేదు. నా భార్య జ్ఞానప్రసూనాంబ కార్తీక మాసమంతా ఉల్లిపాయనే గడప తొక్కనివ్వదు, బీరుకు ఏ మాసంలోనూ అనుమతి లేదు. రూబెన్ భార్య సూసన్, చిల్లకల్లులో టీచరు, మా ఇద్దరికీ ఒక టిఫిన్ బాక్సు నిండా చెక్కలు పంపేది. మిర్చి ఘాటుకు తుమ్ముతూ, చెక్కలు నములుతూ, నేను ధరల సంగతి చెప్పేవాడిని. రూబెన్ ఊ కొట్టేవాడు. రెండేళ్లు ఇలాగే గడిచింది. ఇది సుఖమని అప్పుడు నాకు తెలియలేదు.

3. ఇట్లుండగా మొన్న వేసవిలో సదరు శ్రీకర్ అర లీటరు డబ్బాలు దించాడు. మెషీను మీద అక్కడికక్కడే మూత బిగించి ఇస్తాడు. డబ్బా మీద 'ఒక్కడికి సరిపడా' అని పెద్ద అక్షరాలతో అచ్చు కూడా వేయించాడు. నేను స్వయంగా వెళ్లి అడిగాను.

"జనం పెద్ద సీసా పట్టుకెళ్లి సగం సింకులో పోస్తున్నారు బాబాయ్. తాగేవాడు ఒక్కడే అయితే ఆ సీసా ఏం చేసుకుంటాడు చెప్పండి? చిన్నది పెట్టాక అమ్మకం బాగుంది."

"ఒక్కడే ఎందుకు తాగాలి? ఇంకొకణ్ని పిలుచుకోవచ్చుగా" అన్నాను.

"పిలిచేవాళ్లు పిలుచుకుంటారండి. పెద్ద సీసా తీసెయ్యలేదుగా. మీకు ఒకటి నింపమంటారా?" అన్నాడు.

నింపించుకుని ఎవరితో తాగాలో మాత్రం చెప్పలేదు.

4. నా షాపులో కందిపప్పు పావుకిలో పొట్లాలు కట్టి అమ్ముట వాస్తవమే గాని, అది ఈ అర్జీకి సంబంధం లేని విషయము.

5. డబ్బాలు వచ్చిన తరువాత రూబెన్ ఒక బుధవారం రాలేదు. పని ఉందేమో అనుకున్నాను. తరువాతి వారం కూడా రాలేదు. ఫోను చేస్తే "ఇవాళ ఇంటికెళ్తున్నానయ్యా" అన్నాడు. నేను స్కూటరు మీద చిల్లకల్లు వెళ్లాను. ఆ వీధిలో నాకు సరుకు ఇచ్చేవాడు లేడు, పుచ్చుకునేవాడు లేడు, అయినా వెళ్లాను. రోడ్డు మీద నుండి వాళ్ల ఇంటి డాబా కనిపిస్తుంది. రెండు కుర్చీలు, మధ్యలో స్టూలు, స్టూలు మీద ఒకే ఒక్క చిన్న డబ్బా. పక్కన ఆ చెక్కల బాక్సు. సూసన్ తాగదు, టీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది.

అదంతా ఎలాగో ఓర్చుకునేవాడిని. కాని రూబెన్ మాట్లాడుతున్నాడు. నా దగ్గర ఊ తప్ప రెండో అక్షరం పలకని మనిషి, చేతులు తిప్పుతూ ఏదో కథ చెబుతున్నాడు. ఆవిడ నవ్వుతున్నది. అంత కథ అతని దగ్గర ఉందని నాకు ఎన్నడూ తెలియదు. నాకు చెప్పలేదు. నేను వీధి చివర స్కూటరు ఆపి, పెట్రోలు చూస్తున్నట్టు వంగి, ఆ కథ అయ్యేదాకా నిలబడ్డాను. ఒక్క మాటా వినబడలేదు.

అర్జీలో ఇట్టి మాట రాయవచ్చునో లేదో తెలియదు గాని, అయ్యా, నాకు కుళ్లుగా ఉన్నది. ఆవిడ అతని భార్య అనీ, ఆ డాబా వాళ్లదనీ, కుళ్లుకోవడానికి నాకు ఏ హక్కూ లేదనీ తెలిసే కుళ్లుకుంటున్నాను. బుధవారం వస్తే అన్నం సయించడం లేదు.

6. మరుసటి వారం తిన్నగా మేడ ఎక్కాను. రూబెన్ కంగారుపడలేదు. తన కుర్చీ నాకు ఇచ్చి, పిట్టగోడ మీద కూర్చుని, డబ్బాలో ఉన్నది సగం స్టీలు గ్లాసులో పోసి నా చేతికిచ్చాడు. రెండు లీటర్లు పంచుకున్నవాళ్లం, ఆ గుక్కెడు పంచుకోవడం నాకు నామోషీగా తోచింది. గోదాముకు ఎందుకు రావడం లేదని సూసన్ ఎదుటే అడిగాను.  అతనికి బదులు ఆవిడే చెప్పింది.

"నేనే రమ్మన్నానండి అన్నయ్యగారూ. ఆయన ఇంటిపట్టున ఉండేది ఆ ఒక్క సాయంత్రమే. రెండేళ్లు మీకే ఇచ్చాగా, చెక్కలు కూడా చేసి పంపా. మీరిద్దరూ అక్కడ కూర్చుంటే నేనిక్కడ ఒక్కదాన్నీ గేటు వంక చూస్తా కూర్చున్నా. అప్పుడు నాకెంత మండిందో మీకు తెలీదు."

గ్లాసు స్టూలు మీద పెట్టి మేడ దిగి వచ్చేశాను.  ఆవిడ మాట కాదనలేకనే తమకు రాస్తున్నాను.

కావున అయ్యా, పై విషయములను దయతో విచారించి, సదరు అర లీటరు డబ్బాలను తక్షణం నిలుపుదల చేయించి, రెండు లీటర్ల సీసాను మాత్రమే అమ్మునట్లు ఉత్తర్వులు ఇప్పించవలెను. డబ్బాలను పూర్తిగా ఆపుట వీలుపడని పక్షమున బుధవారాలు మాత్రమైనా ఆపించవలెను. వ్యాపారస్తుడనై ఉండి వ్యాపారానికి అడ్డుపడుతున్నందుకు మన్నించి, ఈ నా మొర తీరికగా చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, రెండో మనిషి లేని
కుటుంబరావు

తా.క.: సాక్షి సంతకం ఉంటే అర్జీకి బరువు వస్తుందని పక్క షాపు సతీష్‌బాబు చెప్పాడు. తనను పెట్టమంటే బీరు గొడవలోకి నన్ను లాగొద్దన్నాడు. ఎంత ఆలోచించినా నాకోసం సంతకం పెట్టే మనిషి ఒక్కడే తోచాడు. ఈ ఉదయం కాటా దగ్గరకు వెళ్లి కాగితాలు అతని చేతిలో పెట్టాను. లారీని కాటా మీదే నిలబెట్టి, వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా, మొదటి నుండి చివరిదాకా చదివాడు.

"రెండు కాదు, రెండున్నరేళ్లు. మిగతాదంతా నిజమే. సంతకం ఎక్కడ పెట్టను?" అన్నాడు.

"ఇది నీ డబ్బా పోయే అర్జీ రూబెన్" అన్నాను.

"తెలుసులేవయ్యా. నేను పెట్టకపోతే ఎవరు పెడతారు నీకు?" అని, పెన్ను తీసి, పేరు పూర్తిగా రాసి సంతకం చేశాడు. బుధవారం వస్తానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

అందుచేత తమకు తుది మనవి. అర్జీలు ఒకసారి ఫైలులో పడితే ఒక పట్టాన లేవవని లోకం అంటుంది. ఆ మాట నిజమైతే, ఈ అర్జీని అట్టడుగున పెట్టించవలెను. పొరపాటున కూడా చర్య తీసుకోవద్దు. వాళ్ల డబ్బా వాళ్లను తాగనివ్వండి.

అయితే అర్జీని వాపసు మాత్రం తీసుకోను. అతను డాబా మీద చెప్పిన కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు.