రంగమ్మక్క పేరున్న బెల్లు

రంగమ్మక్కా,

నిన్నటికి నువ్వు పోయి ఏడాది. మన కోవిల్‌పట్టి హైస్కూల్లో నీకు సన్మానం చేశారు. నువ్వు లేవు కాబట్టి శాలువా నీ ఫోటోకి కప్పారు.

విరుదునగర్ నుంచి ముఖ్య అతిథిగా మన పాత హెడ్మాస్టరు వచ్చాడు. పిల్లల మనసెరిగిన అటెండరని మైకులో నిన్ను తెగ పొగిడాడు. గేటు మూసే రెండో బెల్లు ఆలస్యంగా కొడుతున్నావని నీకు మూడు మెమోలిచ్చింది ఆయనే. ఎందుకు ఆలస్యమో ఒక్కసారీ అడగలేదు.

తెల్లారకముందే లేచి అగ్గిపుల్లలు చట్రాల్లో పేర్చి, వాటిని అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యానుకి ఎక్కించాకే మేం బడికి పరిగెత్తేవాళ్లం. మేం వీధి మలుపు తిరిగేదాకా నువ్వు సుత్తి పట్టుకుని అలాగే నిలబడేదానివి. బడిలో అందరితో తమిళం మాట్లాడే నువ్వు మాకు మాత్రం మన ఇంటి తెలుగులో చెప్పేదానివి: "మెల్లంగా రా పాపా, పడేవు. నేనింకా బెల్లు కొట్టలే గదా!"

అలా వచ్చి చదువుకున్న నేను ఇప్పుడు ఆ బడిలోనే టీచర్ని. ఆయన పొగుడుతుంటే నేనూ చప్పట్లు కొట్టాను.

నీ జ్ఞాపకంగా కరెంటు బెల్లు పెట్టారు. దాని కింద నీ పేరు చెక్కించారు. ఇక నిమిషం కూడా తేడా రాదని ఆ పాత హెడ్మాస్టరే గర్వంగా చెప్పాడు.

రాలేదు. ఇవాళ పొద్దున సరిగ్గా తొమ్మిదిన్నరకి రెండో బెల్లు మోగింది. అప్పుడే మలుపు దగ్గర నలుగురు ఆడపిల్లలు పరిగెత్తుకొస్తూ కనిపించారు.

ఈ వారం గేటు డ్యూటీ నాది. గేటు వేసింది నేనే, అక్కా.