వెతకని అరగంట

అక్టోబర్ 4, శనివారం

మొక్కజొన్న చేలను అడవి పందులు పాడుచేస్తున్నాయని మామయ్యగారికీ నాకూ వేట పర్మిట్ ఇచ్చారు. మా ఆయనకి తుపాకీ చప్పుడంటే హడల్. ఆయన వంట, మేము వేట. ఇంట్లో ఎవరికీ ఫిర్యాదు లేదు.

సాయంత్రం చేనుకి చెరోవైపు మాటు వేశాం. మంద రాగానే చెరొక తూటా పేల్చాం. నాకు వేట నేర్పినప్పుడే మామయ్యగారు ఒక రూల్ పెట్టారు. తప్పిందనిపించినా సరే, పంది నిల్చున్న చోటికి వెళ్లి నేలంతా చూడాలి. నెత్తురు కనబడితే దాన్ని పట్టేదాకా ఇంటి మొహం చూడకూడదు. వెళ్లి చూశాను. ఓ ఆకు మీద రెండు చుక్కలు. వాన వచ్చేలా ఉంది, కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి. జీప్ దగ్గర మామయ్యగారు అడిగితే తగల్లేదన్నాను. తనదీ తగల్లేదన్నారు.

రెండు చుక్కలేగా.

అక్టోబర్ 5, ఆదివారం

వచ్చేవారం సండేస్కూల్ క్లాస్ నాదేనట. పాఠం పాపం, దాని ఫలితం. వేట కబుర్లు కలిపి చెప్తే పిల్లలు కదలకుండా వింటారని పాస్టర్ గారన్నారు. నల్లేరు మీద నడక. గాలి వాలున నడిచే వేటగాడిని వాడి వాసనే పందికి పట్టిస్తుందని, పాపమూ అంతేనని చెబుతాను. భలే కుదిరింది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్టోబర్ 8

మాకు పాలు పోసే ఆవిడని పంది పొడిచింది. వాగు దగ్గర గడ్డి కోస్తుంటే వెనకనుంచి వచ్చిందట. పిక్క మీద పన్నెండు కుట్లు. వాళ్లాయన దాన్ని కాల్చి చంపాక చూస్తే వెనక తొడలో పాత తూటా, చుట్టూ చీము. ఆ నొప్పికే పిచ్చెక్కి మనిషి మీద పడిందంటున్నారు.

రెండు చుక్కలేగా అనుకున్నాను.

అక్టోబర్ 9

ఆ తూటా తనదేనంటున్నారు మామయ్యగారు. ఇద్దరివీ ఒకే రకం. కళ్లు పోయాయి, ముసలాడి చేతిలో తుపాకీ ఏమిటి, శనివారం వెళ్లి పర్మిట్ తిరిగిచ్చేస్తానంటున్నారు. ముప్ఫై ఏళ్ల వేట! భోజనం ముట్టలేదు. పళ్లెం పట్టుకెళితే, నీకే పాపమూ అంటలేదు, అదే పదివేలు అమ్మాయ్ అన్నారు. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

అక్టోబర్ 10

చెప్పలేదు.

అక్టోబర్ 11, ఉదయం 8

బూట్లేసుకుని, కాగితాలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చేశారు మామయ్యగారు. ఉల్లిపాయలు తరుగుతున్న కత్తితోనే అడ్డం వెళ్లి చెప్పేశాను. ఆ తూటా నాది, నెత్తురు చూసి కూడా అబద్ధమాడాను అని. మా ఆయన స్టవ్ కట్టేశాడు.

మామయ్యగారు తిట్టలేదు. చుక్కలు ఎర్రగా ఉన్నాయా నల్లగా ఉన్నాయా, ఏ పక్కకి చిమ్మాయి అని అడిగారు. చెప్పాను. అరగంట నడిస్తే దొరికేది కదమ్మా అన్నారు. తిట్టినా బాగుండేది.

అదే రోజు, సాయంత్రం

పాలావిడ ఇంటికి వెళ్లి మంచం పక్కన కూర్చుని అంతా చెప్పాను. కడిగిపారేసింది. నా ఏడు తరాలనీ వరసపెట్టి తిట్టింది. అలిసిపోయాక, ప్రభువు నన్నెన్నిసార్లు మన్నించలేదు, నిన్నూ మన్నించేశాను పో అంది. ప్రాణం లేచొచ్చింది. గుమ్మం దాటబోతుంటే వెనక్కి పిలిచింది. మన్నించడం సరే, కాలు వంగదు, ఆవుల పాలెవరు పితుకుతారు అంది.

నెలరోజులు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి.

అక్టోబర్ 12, ఆదివారం

గాలి వాలు కథ పక్కన పెట్టి పిల్లలకి నా కథే చెప్పాను. ముందు బెంచీ పిల్ల లేచి, దేవుడు క్షమించేశాక కూడా పాలు పితకాలా టీచర్ అంది. పితకాలి అన్నాను. పిల్లలు ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. నా మన్నింపు నిన్ననే అయిపోయింది, ఆవిడ కాలు మాత్రం దాని టైమ్ అది తీసుకుంటుంది. నాలుగు రోజుల తర్వాత ఇవాళే హాయిగా తిన్నాను.

అక్టోబర్ 13

ఆవు తన్నింది. బకెట్ దొర్లింది. మళ్లీ కూర్చున్నాను. కాసేపటికి మామయ్యగారు వచ్చి రెండో ఆవు దగ్గర చతికిలబడ్డారు. మీకెందుకు మామయ్యా, తూటా నాది కదా అన్నాను. వేటకెళ్లిన ఆ సాయంత్రం తన పంది నిల్చున్న చోటికి తను అసలు వెళ్లనేలేదట. వానొస్తోందని.