దొంగలు ముట్టని నవల

లిమా,
జూలై, ఆదివారం.

శ్రీవారికి హెర్మీనియా నమస్కారాలు.

ఇక్కడ నేనూ, మీ అమ్మగారూ బాగానే ఉన్నాం. సన్నజల్లు వదలడం లేదు, ఉతికిన బట్టలు ఆరడం లేదు, అంతకు మించి బాధలేమీ లేవు. పూనో చలికి మీ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? బడిపిల్లలు మాట వింటున్నారా? మీరు పంపిన ఎండు బంగాళాదుంపలు అందాయి. అత్తయ్యగారు వాటిని నాచేత పులుసులో వేయించుకుని, "మావాడు పంపాడు" అని వాటాలన్నింటికీ వినబడేలా చెబుతూ తిన్నారు.

మీరడిగినవి చెబుతాను. కిల్కా వీధిలో పాత పుస్తకాల కొట్లన్నీ తిరిగాను. మీ నవల ఒక్కచోటే కనబడింది, వంటల పుస్తకాల అడుగున. మిమ్మల్ని అడక్కుండా వేసి అమ్ముకునే దొంగ అచ్చు మాత్రం ఎక్కడా లేదు. కవులు చేరే మూల బారుకూ వెళ్ళాను. మీ స్నేహితుడు ఒస్మాన్ నన్ను చూడగానే, "ఏం వదినా, అన్న పుస్తకాన్ని దొంగలు వేశారా? నాది రెండుసార్లేశారు తెలుసా!" అని మీసం మెలేశాడు. తన సొమ్ము దోచుకుపోయారని పదిమందికీ మందు పోయించే మనుషులు ఈ ఊళ్ళోనే ఉంటారు.

దొంగ అచ్చు పడితే రచయితగా నిలబడ్డట్టేనని, ఆ రోజే ఉద్యోగం మానేసి ఇంటికొచ్చేస్తానని మీరు రాశారు కదా. అందుకే మీకు చెప్పకుండా ఒక పని చేశాను. మీ నవల సంచిలో వేసుకుని, రిమాక్ నది ఒడ్డున దొంగ పుస్తకాలు వేసే ఎవరిస్తో అనే అతని దగ్గరికి వెళ్ళాను. మీరు లేని ఇల్లు నాకు విసుగెత్తిపోయింది. జీతం పోతే పోనీ అనుకున్నాను.

"మా ఆయన పుస్తకం కాస్త దొంగతనం చెయ్యి బాబూ" అని బతిమాలాను.

"దొంగలమైనా మాకూ కడుపుందక్కా. చదివి చెప్తాలే" అన్నాడు.

మొన్న వెళితే పుస్తకం నా చేతిలో పెట్టేశాడు. "ఇందులో ఆ పెళ్ళాం ఉన్నంతసేపూ పడీపడీ నవ్వాననుకో. మొగుణ్ణి ఏం కడిగేస్తదక్కా! రెండో భాగంలో మీ ఆయన ఆవిణ్ణి చంపేశాడు. ఇంకేముంది, ఆ మొగుడు ఊరంతా తిరుగుతా తన గొప్ప తనే చెప్పుకోడం. ఎవడు కొంటాడు? అసలావిణ్ణి ఎందుకు చంపినట్టు?"

నేనేం చెప్పను? మీ నవల నేను చదివితే కదా! తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మొదటిసారి తెరిచాను. ఆవిడ మాటలన్నీ నావే. అత్తయ్యగారి మీద వేళాకోళం, అద్దె కోసం ఇంటి యజమానితో పోట్లాట, మీరు లేక నేను ఏడ్చిన ఏడుపు, అన్నీ నా ఉత్తరాల్లోంచి అక్షరం పొల్లుపోకుండా దించారు. నాకు ఒక్క మాట చెప్పలేదు. దోచుకున్నది చాలక చంపేశారు కూడా. నా ఇంటి దొంగను పట్టుకోలేక, నేను వీధి దొంగ కాళ్ళు పట్టుకున్నాను. నాకు చాలా కోపంగా ఉంది.

రెండో నవల మొదలుపెట్టానని, ఉత్తరాలు ఇంకా పొడుగ్గా, ఇంటి సంగతులన్నీ వివరంగా రాయమని మీరు అడిగితే, నా మీద బెంగ పెట్టుకున్నారనుకున్నాను. ఆ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను కూడా.

ఇక మీదట అత్తయ్యగారి ఆరోగ్యం మాత్రం రాస్తాను. మిగతా మాటలు కావాలంటే ఇంటికొచ్చి, నా ఎదురుగా కూర్చుని వినండి. వచ్చేటప్పుడు కాగితం, కలం తేవద్దు.

ఇట్లు,
ఇంకా బతికే ఉన్న మీ భార్య,
హెర్మీనియా