పదహారో మాటకు ఇంగ్లీషు

పటమట,
ఆదివారం.

అమ్మా జ్యోతిర్మయీ,

జర్మనీ వెళ్లే నర్సుల కోసం మీ మేడమ్ రాసిన పట్టికను పోయిన వారం టైపు చేసి పంపాను కదా. అక్కడి ముసలి రోగులు విసుక్కుంటే ఈ పిల్లలు బెదిరిపోకూడదని, మనుషుల్ని తప్పుపట్టడానికి జర్మన్లు వాడే వాడుకమాటలకు ఇంగ్లీషు అర్థాలు రాసింది. 'తల కడగడం' అనే మాట పక్కన 'మనం తలంటాడు అంటామే, అదే' అని ఉంది. ఆమె పోయాక నాకు నవ్వు రావడం అదే మొదటిసారి.

పదహారో మాట 'నెర్గెల్న్'కు ఇంగ్లీషు లేదని నిన్న ఫోన్ చేశావు. "బాబాయ్ గారూ, మేడమ్ గారి నోటుబుక్కులో చూసి ఏదుంటే అది చెప్పేయండి, వచ్చే వారం ప్రింటుకిచ్చేస్తా" అన్నావు. చూసి చెబుతానన్నాను. అప్పటికే చూశాను.

అక్కడ ఇంగ్లీషు లేదు. పెన్సిలుతో తెలుగులో రాసుకుంది: 'మా ఆయన కంచం ముందు చేసే పని. ఉప్పు తక్కువ, అన్నం మెత్తన. కోపం కాదు, అలవాటు.'

ముప్పయ్యొక్క ఏళ్లలో ఈ మాట నాతో అనలేదు. ఇప్పుడు నేను జవాబు చెప్పడానికి ఆమె లేదు.

డిక్షనరీలో మూడు ఇంగ్లీషు మాటలు దొరికాయి. ఒకటి మెత్తనిది, రెండు కటువైనవి. నన్ను ఎంచుకోమంటే మెత్తనిదే ఎంచుకుంటాను. అందుకని ఆ గడి నువ్వే నింపు. మా ఇంట్లో చాలాసార్లు భోంచేశావు, నా మాటలు విన్నావు. మొహమాటపడకుండా రాయి.

బాబాయ్