దిల్షాద్ ఆపా ఒప్పుకుంటేనే

చిత్తూరు జిల్లా పుంగనూరులో కళాయి పని చేసి బతికిన కీర్తిశేషులు అలావుద్దీన్ కూతురిని, హార్మోనియం తాజుద్దీన్ భార్యను, తెర మీద అమరావతి అనే పేరుతో నలుగురికీ తెలిసినదానిని, ప్రస్తుతం మదనపల్లెలో కాపురముంటున్న సుగ్రా బీని, ముప్పై నాలుగేళ్లదానిని, నా తదనంతరం నా ఇల్లూ వస్తువులూ ఎవరికి చెందాలో నా చేత్తో రాసుకుంటున్న కాగితమిది. నా ఎడమ ఊపిరితిత్తి చెడింది. బుద్ధి చెడలేదు. దీన్ని రాయమని నన్ను ఎవరూ బెదిరించలేదు, బుజ్జగించలేదు. ఇంతకుముందు నేను వేరే వీలునామా రాయలేదు.

వకీలు ఈశ్వరప్ప గారు చిత్తుప్రతి చదివి, "ఇంత కథ యాలమ్మా? ఏముండాదో, ఎవరికో రాస్తే చాలు గదా" అన్నారు. ఆ కథ లేకపోతే ఈ ఆస్తి నాకు ఎలా వచ్చిందో, పూర్తిగా నాది ఎందుకు కాదో ఎవరికీ తెలియదు. అందుకని ఆయన మాట దాటుతున్నాను.

1. మదనపల్లెలో ఆరు గదులూ వంటిల్లూ పెరట్లో బావీ ఉన్న నా ఇల్లు నా స్వార్జితం. దాని మీద ఏ తాకట్టూ లేదు. నా తర్వాత కూడా ఆ ఇల్లు ఇప్పటిలాగే, ఆసుపత్రిలో ఉన్న క్షయ రోగుల బంధువులు వచ్చి తలదాచుకునే చోటుగా ఉండాలి. కులం, మతం అడగకూడదు. ఎన్నాళ్లుంటారని అసలే అడగకూడదు, ఎందుకంటే ఆ సంగతి వాళ్లకూ తెలియదు.

1941లో మా ఆయన రక్తం కక్కుకుంటే మద్రాసు నుంచి ఇక్కడి ఆసుపత్రికి తెచ్చాను. ఆయనకు మంచం దొరికింది గాని నాకు ఊళ్లో గది దొరకలేదు. సినిమా టెంటులో నా బొమ్మ చూసి చప్పట్లు కొట్టినవాళ్లే, నేను క్షయ రోగి భార్యనని తెలియగానే తలుపు సగం మూసి మాట్లాడారు. "ఇల్లు ఖాళీగానే ఉండాది తల్లీ. మా ఇంట్లో పసిబిడ్డలుండారు" అంది ఒకామె. ఆమె మాటలో తప్పు లేదు. తప్పు లేని మాటలే పదిహేను గడపల్లో విని, సాయంత్రానికి ఆసుపత్రి దారిలో ఒక చింతచెట్టు కింద కూలబడ్డాను. అక్కడ ఆడవాళ్లు మూడు రాళ్లు పెట్టుకుని వంట చేసుకుంటున్నారు. తంబళ్లపల్లె నుంచి గొర్రెలు అమ్ముకుని మొగుడి వెంట వచ్చిన సిద్ధమ్మ నన్ను చూసి గుర్తుపట్టింది. "సినిమాలో ఏడ్సినావే, ఆ తల్లివి గదా నువ్వు? ఈడ కూసో. సంగటి తింటావా?" అంది. తిన్నాను.

పదకొండు నెలలు ఆ చెట్టు కిందా, పక్కనున్న బండ్ల కొట్టంలోనూ గడిపాను. ఆ మరుసటి ఏడు మా ఆయన పోయారు. సిద్ధమ్మ మొగుడు అంతకు ముందే పోయాడు. యుద్ధం భయానికి మద్రాసు ఖాళీ అవుతున్న రోజులవి. సినిమా వాళ్లు మళ్లీ పిలిచినప్పుడు నేను వెళ్లలేదు. నగలన్నీ అమ్మి ఈ ఇల్లు కొన్నాను.

2. పైన చెప్పిన సిద్ధమ్మ బతికినన్నాళ్లూ ఈ ఇంట్లో ఆమెదే పెత్తనం. వంటింటి పక్క గది ఆమెది. ఈశ్వరప్ప గారితో పాటు ఆమెను కూడా ఈ వీలునామా అమలు జరిపే బాధ్యురాలిగా నియమిస్తున్నాను. ఆమెకు సంతకం రాదని వకీలు గారు సందేహించారు. ఈ ఆరేళ్లలో నాలుగు వందల మందికి పైగా ఆమె చేతి కూడు తిన్నారు. ఆమె వేలిముద్ర చాలు.

3. గోడ అవతలి ఇంటి అంజినప్ప గారికి, ఆయన సంతానానికి, మా బావిలో నీళ్లు తోడుకునే హక్కు శాశ్వతంగా ఇస్తున్నాను. నేను ఈ ఇల్లు కొన్నప్పుడు మమ్మల్ని ఊరి బయటికి పంపించమని అర్జీ పెట్టినది ఆయనే. వీధి బావి దగ్గర మా ఆడవాళ్ల బిందె కాలితో తన్నినది కూడా ఆయనే. రెండు వేసవులుగా వాళ్ల బావి ఎండిపోయింది. వాళ్ల ఇంటావిడ ఎవరూ చూడకుండా గోడ మీది నుంచి బిందె అందిస్తే సిద్ధమ్మ నింపి ఇస్తోంది. ఆ గోడకు ఒక వాకిలి పెట్టించాలి. అంజినప్ప గారు నాకు క్షమాపణ చెప్పలేదు, చెప్పనక్కర్లేదు కూడా.

4. మా ఆయన హార్మోనియం, సోమల నుంచి వచ్చి ఈ ఇంట్లో ఉంటున్న గోవిందమ్మకు. ఆమె కూతురు ఏడాదిన్నరగా ఆసుపత్రిలో ఉంది. ఆ పిల్ల కోసం ఆమె సాయంత్రం పూట దాన్ని ముందు పెట్టుకుని పాడుకుంటుంది. అందులో రెండు మెట్లు పలకవు. బాగు చేయించవద్దని మనవి. మా ఆయన ఆ రెండింటినీ దాటుకుంటూ వాయించేవారు. అలా దాటే చోట నాకు ఇప్పటికీ ఆయన వేళ్లు కనిపిస్తాయి.

5. పట్టుచీరలు, జరీ దుస్తులు ఇంట్లో పెళ్లీడు పిల్లలున్న ఎవరు అడిగినా ఇచ్చేయాలి. నా ఫోటోలు, పత్రికల కత్తిరింపులు పొయ్యిలో వేయవచ్చు. నాటకాల కంపెనీ మేనేజరు నారాయణస్వామి గారికి ఏమీ ఇవ్వడం లేదు. ఆయన నాకు చేసినదీ, నేను ఆయన మీద నెట్టినదీ కింద రాస్తున్నాను.

6. కుప్పంలో ఉన్న మా అక్క దిల్షాద్ బీకి, నా మొదటి సినిమా పాట గ్రామఫోను రికార్డూ, దాన్ని వాయించే యంత్రమూ ఇస్తున్నాను.

మేము అక్కను ఆపా అంటాము. ఆపా నాకన్నా రెండేళ్లు పెద్దది. మా నాయన కళాయి వేసేటప్పుడు కొలిమి తిత్తి ఊదడం మా ఇద్దరి పని. ఆ తిత్తి చప్పుడుకు తాళం కలుపుతూ ఆపా సొంతంగా వరుసలు కట్టి పాడేది. నేను వంత పాడేదాన్ని. ఊళ్లో మకాం వేసిన నాటకాల కంపెనీ మేనేజరు ఆ పాట విని, గొంతున్న పిల్లకు మద్రాసులో బతుకు ఉందన్నారు. అది 1930. ఇంట్లో చెప్పకుండా ఇద్దరమూ పలమనేరు మీదుగా కుప్పం స్టేషను చేరాము. కంపెనీ అంతా అక్కడ రైలెక్కుతోంది. నారాయణస్వామి గారు మమ్మల్ని చూసి, "ఇద్దరెందుకు? ఒక్కరే చాలు" అన్నారు. మేము వినిపించుకోనట్టు ఎక్కి కూర్చున్నాము.

నాకు దప్పిక వేసింది. ఆపా చెంబు తీసుకుని నీళ్లకు దిగింది. రైలు కదిలింది. ఆపా చెంబుతోనే పరిగెత్తింది. నేను రైలుపెట్టె వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ఆపా వేళ్లు ఒక మూరెడు దూరంలో ఉన్నాయి. ఒక్కరే చాలు అన్న మాట నా చెవిలో ఉంది. నేను చెయ్యి చాపలేదు.

పత్రికల వాళ్లు అడిగినప్పుడల్లా రైలు కదిలిపోయిందని చెప్పాను. నాలో నేను అనుకునేటప్పుడు తప్పు నారాయణస్వామి గారిదని అనుకున్నాను. ఆయన అన్నది రెండు ముక్కలే. ఇక ఆయన్ని వదిలేస్తున్నాను.

ఒక పగలూ ఒక రాత్రీ ఇల్లు దాటి ఉండి తిరిగొచ్చిన ఆపాకు పుంగనూరులో సంబంధం రాలేదు. చివరికి కుప్పంలో కట్టెల మండీ నడిపే బాబు సాహెబ్ అనే పెద్దాయనకు మూడో భార్యగా ఇచ్చారు. ఆయనా పోయాడు. ఆపా బట్టలు కుట్టి బతుకుతోంది. నాకు పేరు తెచ్చిన పాట ఆపా తిత్తి దగ్గర కట్టిన వరుస. రికార్డు మీద నా పేరుంది. వరుస దిల్షాద్ బీది అని ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను.

ఆమెకు ఆరు ఉత్తరాలు రాశాను. విప్పకుండానే తిరిగి వచ్చాయి. ఈ ఇంటికి చందాల కోసం టూరింగు టెంట్లలో విరామం వేళ తెర ముందు నిలబడి మాట్లాడేదాన్ని. పుంగనూరు, పలమనేరు, వాయల్పాడు, ఎక్కడైనా ఒక్కరోజే. కుప్పంలో మాత్రం మూడు రోజులు ఉన్నాను. ఆడవాళ్ల వైపు నల్లటి ముసుగులు వరసగా కూర్చుని ఉండేవి. రోగుల కష్టం గురించి చెబుతూనే ఒక్కొక్క ముసుగు వైపూ చూసేదాన్ని. ఆ కళ్లలో మా ఆపావి ఉన్నాయేమోనని వెతికేదాన్ని. మూడో రోజు మాట మధ్యలో ఏడ్చేశాను. అది రోగుల మీద జాలి అనుకుని జనం చాలా ఇచ్చారు.

7. ఇక్కడికి రాసిన తర్వాత ఈశ్వరప్ప గారు ఒక చిక్కు చెప్పారు. మా మత ధర్మం ప్రకారం నా ఆస్తిలో మూడో వంతు మాత్రమే నేను ఇష్టం వచ్చినట్టు రాసివ్వగలను. మిగతాది వారసులది. అమ్మానాన్నలు లేరు, భర్త లేడు, నాకు పిల్లలు కలగలేదు. మిగిలిన వారసురాలు ఆపా ఒక్కతే. అంటే ఈ ఆరు గదుల్లో నాలుగు ఆమెవి. ఆమె ఒప్పుకుంటేనే మొదటి అంశం నిలుస్తుంది. ఒప్పుకోకపోతే ఇల్లు అమ్మి ఆమె వాటా ఆమెకు ఇవ్వాలి. ఆమె ఆ పని చేస్తే ఎవరూ ఒక్క మాట అనకూడదని నా ఆజ్ఞ. ఇల్లు పోతే సిద్ధమ్మ మళ్లీ చింతచెట్టు కిందికి పోతుందేమోనని దిగులు. అయినా ఆపాను బతిమాలే హక్కు నాకు లేదు. వకీలు గారు తన పేరున కుప్పానికి ఉత్తరం రాశారు. ఇది సోమవారం నాటి మాట.

8. ఇది శుక్రవారం రాస్తున్నాను.

మధ్యాహ్నం బస్సుకు ఒకామె వచ్చి గుమ్మంలో నిలబడింది. వచ్చిన వాళ్లందరినీ అడిగినట్టే సిద్ధమ్మ అడిగింది. "యాడ్నుంచి వస్తాండావమ్మా? ఎవురి మనిసివి?"

"కుప్పం నుంచి. సుగ్రా మనిషిని. నాకూ ఒక సాప ఇయ్యి."

మంచం మీద ఆ గొంతు విన్నాను. పద్దెనిమిదేళ్ల తర్వాత. ఆమె వెంటనే నా దగ్గరకు రాలేదు. ఒక్కో గదీ తిరిగింది. గోవిందమ్మతో చాలాసేపు మాట్లాడింది. వంటింట్లో మూతలు తీసి చూసింది. ఆ అడుగులు వింటూ నేను ఊపిరి బిగబట్టాను. ఉన్నదే సగం ఊపిరి. చివరికి వచ్చి తలదగ్గర కూర్చుంది. "ఎంత సన్నబడినావే" అంది.

వకీలు గారిని పిలిపించి ఈ కాగితం మొదటి నుంచీ చదివించుకుంది. ఆరో అంశం దగ్గర ఆయన ఆగితే, చదవమని సైగ చేసింది. అంతా అయ్యాక నాతో అంది: "నువ్వు చెయ్యి చాపలేదని నాకు తెలుసు. నీ మొకం చూస్తానే గదా పరిగెత్తినా. ఆ మాట నువ్వే చెప్తావని ఇన్నేండ్లు కాసుకోనుండాను. ఉత్తరాల్లో రాసుంటావని తెలుసు. ఎవురితోనో చదివించుకోని ఇనాలనిపించలా. ఇప్పుడు నీ ముందర ఇన్నా."

తర్వాత రికార్డు సంగతి కొట్టేయమంది. "అది నాకెందుకు? పాట నాకు వచ్చు గదా." కాబట్టి ఆరో అంశంలోని దానం రద్దు. రికార్డు, యంత్రం ఈ ఇంట్లోనే ఉంటాయి. ప్రకటన మాత్రం ఉంటుంది. ఆ పాట ఒక్కసారి పాడమని అడిగాను. ఆపా తల అడ్డంగా ఆడించింది. నేను మళ్లీ అడగలేదు. నేను ఇంకా అడగాలనే అనుకుంటున్నాను.

ఇల్లు మొత్తం మొదటి అంశం ప్రకారం ఉండటానికి దిల్షాద్ బీ ఒప్పుకుని, నా కళ్ల ముందే కింద వేలిముద్ర వేసింది. వకీలు గారు ఆమెకు ఒక సంగతి చెప్పారు. మా ధర్మం ప్రకారం వారసుల ఒప్పుదల ఇప్పుడు చెబితే చాలదు, రాసిన మనిషి పోయిన తర్వాత మళ్లీ చెప్పాలి.

ఆపా వేలికి అంటిన సిరా తన కొంగుకు తుడుచుకుని ఆయనతో అంది: "మళ్లా చెప్తానప్పా. కానీ ఆ మాట మళ్లా చెప్పేదానికి నాకేం తొందర లేదు."

1948 నవంబరు 19, శుక్రవారం, మదనపల్లె.

(సంతకం) సుగ్రా బీ

సమ్మతించిన వారసురాలు: దిల్షాద్ బీ, ఎడమ బొటనవేలి ముద్ర

సాక్షులు:
కృష్ణప్ప, తిరుపతప్ప కుమారుడు, బడిపంతులు, మదనపల్లె
మునెప్ప, చిన్నప్ప కుమారుడు, గొర్రెల కాపరి, తంబళ్లపల్లె, ప్రస్తుతం ఈ ఇంట్లో రెండో గది